చదువు, బడి, ఇల్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఇంట్లో ఇద్దరు పిల్లల్ని చదివించాను. ఈ ఇరవై ఏళ్లలో పుస్తకాలు మారాయి, నల్లబల్ల పక్కకి స్క్రీన్ వచ్చింది. కానీ పేరెంట్స్ మీటింగ్ అయ్యాక తలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలు పెద్దగా మారలేదు. స్టాఫ్ రూములో తోటి టీచర్లు అడిగేవి కూడా ఏటా అవే. వాటిని వయసుల వారీగా ఇక్కడ పెట్టాను. దేని జవాబు దానికే పూర్తిగా ఉంటుంది, మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లిపోవచ్చు.

వీటిలో చాలా ప్రశ్నల వెనక ఒకటే భయం ఉంటుంది: తప్పు ఎవరిది అని. పిల్లాడు సోమరా, టీచరుకి చెప్పడం రాదా, ఇంట్లో పట్టించుకోవట్లేదా? నేను చూసినంతలో చాలాసార్లు ముగ్గురూ కష్టపడుతూనే ఉంటారు. ఒకరికి తెలిసిన సంగతి ఇంకొకరికి చేరదు, అంతే.

## బడిలో మొదటి ఏళ్లు

మా పాపకి ఆరేళ్లు నిండుతున్నాయి, ఇంకా చదవడం రావట్లేదు. పక్కింటి పిల్ల గడగడా చదివేస్తోంది. వెనకబడిపోయినట్టేనా?

చుట్టూ మాట్లాడేవాళ్లుంటే చాలు, పిల్లలకి మాటలు వాటంతట అవే వస్తాయి. చదవడం అలా రాదు. మనిషి రాయడం కనిపెట్టి ఐదువేల ఏళ్లు దాటి కొంతకాలమే అయింది. చూపుకీ మాటకీ వాడే మెదడు భాగాలనే ప్రతి బిడ్డా కొత్తగా అక్షరాలకి అలవాటు చేసుకోవాలి. ఆ పని ఒకరికి ఐదేళ్లకే కుదురుతుంది, ఇంకొకరికి ఏడేళ్లు పడుతుంది. ఫిన్లాండ్‌లో ఒకటో తరగతి మొదలయ్యేదే పిల్లలకి ఏడేళ్లు వచ్చే సంవత్సరంలో.

ఈ వయసులో నేను గమనించేది శబ్దాలని. ఒక మాట చెబితే అది ఏ శబ్దంతో మొదలైందో చెప్పగలుగుతోందా? ప్రాస కలిసే మాటలు పట్టుకుంటోందా? చదువుకి పునాది అదే. రోజూ పావుగంట పక్కన కూర్చోబెట్టుకుని, అక్షరాల కింద వేలు కదుపుతూ కథ చదివి వినిపించండి. ఏడాది పాటు బడిలో నేర్పాక కూడా అక్షరానికీ శబ్దానికీ లంకె కుదరకపోతే, ముందు కళ్లూ చెవులూ పరీక్ష చేయించండి. నా క్లాసులో "చెప్పిన మాట వినదు" అని పేరుపడ్డ ఒక అమ్మాయికి నిజంగానే ఒక చెవి సరిగా వినపడేది కాదు. రెండేళ్లు ఆ సంగతి ఎవరికీ తెలియలేదు, నాకూ తెలియలేదు.

ఇంట్లో మాది ఒక భాష, బడిలో ఇంకో భాష. పిల్లాడికి త్వరగా అలవాటవ్వాలంటే ఇంట్లో కూడా బడి భాషే మాట్లాడాలా?

వద్దు. మీకు ధారాళంగా వచ్చిన భాషలోనే మాట్లాడండి. మీకు అంతంతమాత్రంగా వచ్చిన భాషలో మాట్లాడితే మాటలు తగ్గిపోతాయి. "రా, కూర్చో, తిను" దగ్గరే ఆగిపోతాయి. కథలు, కబుర్లు, ఎందుకు ఏమిటి అనే వాదనలు పోతాయి, పిల్లాడికి ఆలోచన పెరిగేది వాటితోనే. ఒక భాషలో అర్థమైన విషయానికి రెండో భాషలో పేరు నేర్చుకుంటే సరిపోతుంది.

చదువు తల్లిభాషలో మొదలవ్వాలని యునెస్కో నిపుణులు 1953లోనే చెప్పారు. ప్రపంచంలో 40 శాతం మందికి తాము మాట్లాడే, అర్థం చేసుకునే భాషలో చదువు అందడం లేదని అదే సంస్థ 2016లో లెక్క చెప్పింది. మీ ఇంటి సమస్య ఎంత పెద్దదో దీన్నిబట్టి తెలుస్తుంది.

అక్షరాలు తిప్పి రాస్తున్నాడు. డిస్లెక్సియా అంటారా?

ఏడేళ్ల దాకా చాలామంది పిల్లలు అక్షరాలు, అంకెలు తిప్పి రాస్తారు. అదొక్కటే చూసి పేరు పెట్టకూడదు. డిస్లెక్సియా అంటే చదవడం, రాయడం నేర్చుకోవడంలో వచ్చే ఇబ్బంది. అది కంటిచూపుకి సంబంధించింది అనుకుంటారు. అసలు ఇబ్బంది మాటలోని శబ్దాలని విడదీసి పట్టుకోవడంలో ఉంటుంది. నిన్న చదివిన పదమే ఇవాళ కొత్తగా కనిపించడం, మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేయడం, నోటితో చక్కగా చెప్పి రాయమంటే మాత్రం తప్పించుకోవడం, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాగే ఉండటం: ఇవి కలిసి కనిపిస్తే నిపుణులకి చూపించండి. తెలివికీ దీనికీ సంబంధం లేదు. ఆ మాట పిల్లాడికి మీ నోటితో చెప్పాలి, ఎందుకంటే వాడు అప్పటికే తనకి తెలివి లేదని నమ్మడం మొదలుపెట్టి ఉంటాడు.

ఇంత చిన్న క్లాసులో రోజూ గంట హోంవర్క్ అవసరమా?

అవసరం లేదు. హోంవర్క్ మీద వచ్చిన పరిశోధనలని కలిపి చూసిన 2006 నాటి సమీక్షలో, పెద్ద క్లాసుల్లో హోంవర్క్‌కీ మార్కులకీ కాస్త గట్టి సంబంధం కనిపించింది. చిన్న క్లాసుల్లో అది చాలా బలహీనంగా ఉంది. తరగతికి పది నిమిషాలు అనేది చాలామంది టీచర్లు వాడే లెక్క: ఒకటో తరగతికి పది, రెండుకి ఇరవై. గంట పడుతుంటే నోట్‌బుక్‌లో "ఇది చేయడానికి ఇంత సేపు పట్టింది" అని రాసి పంపండి. టీచరుగా చెబుతున్నా, మేం ఇచ్చిన పని ఇంట్లో ఎంతసేపు తింటోందో మాకు నిజంగా తెలియదు.

## ఎనిమిది నుంచి పన్నెండేళ్లు

పాఠం చదవమంటే తడుముకోకుండా చదువుతాడు. ఏం అర్థమైందంటే మాత్రం నోరు విప్పడు. ఎందుకిలా?

చదివి అర్థం చేసుకోవడానికి రెండు కావాలి: అక్షరాలని గబగబా పలకగలగడం, ఆ మాటలకి అర్థం తెలిసి ఉండటం. మీ వాడికి మొదటిది వచ్చింది. రెండోది రాలేదు. ఇది వాడొక్కడి కష్టం కాదు. పదేళ్లు వచ్చినా చిన్న పేరా చదివి అర్థం చేసుకోలేకపోవడాన్ని ప్రపంచ బ్యాంకు 2019లో "అభ్యసన పేదరికం" అంది. పేద, మధ్యస్థ ఆదాయ దేశాల్లో సగానికి పైగా పిల్లలు ఆ పరిస్థితిలో ఉన్నారని అప్పుడే తేలింది. తర్వాతి ఏడాది కోవిడ్‌తో బళ్లు మూతపడి 190కి పైగా దేశాల్లో దాదాపు 160 కోట్ల మంది చదువు కుంటుపడింది. ఇప్పుడు ఈ వయసులో ఉన్నవాళ్లలో కొందరి అక్షరాల ఏళ్లు ఆ రోజుల్లోనే గడిచాయి.

దీనికి ఇంట్లో చేయగలిగింది చాలా ఉంది. పాఠం మొత్తం చదివించి ఆఖర్న ప్రశ్న వేయకండి. రెండు వాక్యాలు చదవనివ్వండి, ఆపండి, "ఇప్పుడు ఏమైంది?" అనండి. తెలియని మాట వస్తే దాన్ని మీరు రోజువారీ మాటల్లో రెండుమూడుసార్లు వాడండి. పాఠ్యపుస్తకం పక్కన పెట్టి వాడికి పిచ్చి ఇష్టమైన విషయం మీద, ఆటలైనా జంతువులైనా రాకెట్లైనా, తేలిక పుస్తకం ఇవ్వండి. ఎక్కువ చదివినవాడికి మాటలు ఎక్కువ తెలుస్తాయి, మాటలు తెలిస్తే ఇంకా చదవాలనిపిస్తుంది. చదవనివాడి విషయంలో ఇదే చక్రం వెనక్కి తిరుగుతుంది. అందుకే ఈ వయసులో ఆలస్యం చేయకూడదు.

లెక్కలంటే ఏడుపు. "నాకూ చిన్నప్పుడు లెక్కలు రావులే" అని ఊరడిస్తాను. సరేనా?

ప్రేమతో అంటారు, తెలుసు. కానీ పిల్లకి వినపడేది వేరు: లెక్కలు రాకపోవడం మన రక్తంలో ఉంది, చేయగలిగిందేం లేదు అని. లెక్కలంటే భయం ఉన్న తల్లిదండ్రులు ఇంట్లో తరచుగా హోంవర్క్‌లో సాయం చేసిన పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకున్నారని 2015లో ఒక పరిశోధన చూపించింది. వాళ్లకి లెక్కల మీద భయం కూడా పెరిగింది. మన ముఖంలో టెన్షన్ పిల్లలకి అంటుకుంటుంది.

భయం వల్ల జరిగే నష్టం చాలా మామూలుగా జరుగుతుంది. లెక్క చేసేటప్పుడు మనసులో మూడునాలుగు సంగతులు ఒకేసారి పట్టుకోవాలి. మనసులో ఆ చోటు చిన్నది. "తప్పైతే తిడతారు" అనే ఆలోచన అందులో సగం ఆక్రమిస్తే అంకెలకి చోటు ఉండదు. వచ్చిన లెక్క కూడా రాదు.

కాబట్టి వెనక్కి వెళ్లండి. లెక్కల్లో ఇవాళ ఏడిపించేది ఇవాళ్టి పాఠం కాకపోవచ్చు. భిన్నాల దగ్గర ఏడ్చే పిల్లకి చాలాసార్లు భాగహారం తెలియదు, భాగహారం రానివాళ్లకి స్థానవిలువ పట్టుబడలేదు. ఏ మెట్టు దగ్గర కాలు జారిందో టీచర్ని అడగండి. కాగితం మడిచి సగం, పావు, అరపావు చూపించండి. రెండు వారాలు కింది తరగతి లెక్కలు చేయించండి. నామోషీ అనుకోవద్దు. "నాకు రావు" అనే చోట "నాకూ మర్చిపోయింది, ఇద్దరం చూద్దాం" అనండి.

బహుమతి ఇస్తామంటేనే చదువుతోంది. తప్పా?

ఇష్టం లేని పని మొదలుపెట్టించడానికి అప్పుడప్పుడూ పరవాలేదు. ఇష్టంగా చేస్తున్న పనికి మాత్రం ఆశ పెట్టకండి. 1973లో బొమ్మలు గీయడం ఇష్టమైన మూడు నుంచి ఐదేళ్ల పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. తర్వాత స్వేచ్ఛగా వదిలేస్తే, ఆ పిల్లలు బొమ్మల దగ్గర గడిపిన సమయం మిగతావాళ్లలో సగానికి పడిపోయింది. ముందు చెప్పకుండా, అయ్యాక ఇచ్చినవాళ్లలో ఆ నష్టం కనపడలేదు. చదివిన తర్వాత మీ సంతోషం చూపించండి, చదవకముందు బేరం పెట్టకండి.

సెలవు రోజున హుషారుగా ఉంటుంది. బడి ఉన్న పొద్దున కడుపునొప్పి అంటుంది. నాటకమేనా?

నాటకం అని కొట్టిపారేయకండి. దిగులు పిల్లల్లో మాటలుగా కాకుండా ఒంట్లో నొప్పిగా బయటపడుతుంది. ఆ నొప్పి నిజంగానే ఉంటుంది. డాక్టరుకి ఒకసారి చూపించి, ఒంట్లో ఏం లేదని తేలితే, ఏ రోజుల్లో వస్తోందో రాసి పెట్టుకోండి. రెండు వారాల్లో ఒక వరస కనిపిస్తుంది: ఫలానా పీరియడ్ ఉన్న రోజు, ఫలానా బస్సు ఎక్కిన రోజు. "ఎవరైనా ఏడిపిస్తున్నారా?" అని సూటిగా అడిగితే లేదనే అంటారు. "విరామంలో ఎవరి పక్కన కూర్చున్నావు?" అని అడగండి. ఎవరి పేరూ రాకపోతే అక్కడే ఉంది సమాధానం. కారణం వెతుకుతూనే బడికి పంపడం మాత్రం ఆపకండి, ఇంట్లో ఉన్న కొద్దీ తిరిగి వెళ్లడం కష్టమవుతుంది. అయితే ఎవరైనా కొడుతున్నారని తేలితే, ముందు బడిలో రక్షణ ఏర్పాటు జరగాలి, ఆ తర్వాతే పంపడం.

మా వాడు చూస్తేనే నేర్చుకునే రకం, వింటే ఎక్కదు అని చెప్పారు. అలాగే నేర్పించాలా?

పిల్లల్ని చూసేవాళ్లు, వినేవాళ్లు అని రకాలుగా విడదీసి నేర్పితే లాభం ఉంటుందనడానికి తగిన ఆధారాలు లేవని 2008లో వచ్చిన సమీక్ష తేల్చింది. మ్యాప్ ఎవరికైనా చూస్తేనే వస్తుంది, ఉచ్చారణ ఎవరికైనా వింటేనే వస్తుంది. ఆ ముద్ర తీసేయండి.

## టీనేజీ

రాత్రి ఒంటిగంట దాకా మేలుకుంటాడు, పొద్దున ఎంత లేపినా లేవడు. సోమరితనం కాదా?

కొంత ఒంటి మార్పు, కొంత ఫోను. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ చిన్నప్పటి కంటే ఆలస్యంగా, ఒక్కోసారి రెండు గంటలు ఆలస్యంగా పెరుగుతుంది. పదింటికి పడుకోమంటే వాడికి నిజంగానే నిద్ర రాదు. దాని మీద స్క్రీన్ వెలుగు నిద్రని ఇంకాస్త వెనక్కి నెడుతుంది. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పెద్ద తరగతుల బళ్లు పొద్దున 8:30 కంటే ముందు మొదలుపెట్టొద్దని అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2014లో కోరింది ఇందుకే.

బడి వేళ మన చేతిలో లేకపోవచ్చు. పొద్దున లేవగానే పది నిమిషాలు ఎండలో నిలబడటం, సెలవు రోజున కూడా రెండు గంటల కంటే ఎక్కువ ఆలస్యంగా లేవకపోవడం, పడుకునే గదిలో ఫోను లేకపోవడం మన చేతిలో ఉన్నాయి. చదివింది జ్ఞాపకంగా గట్టిపడేది నిద్రలోనే. రాత్రంతా మేలుకుని చదివినవాడు ఆ చదువు నిలిచే సమయాన్నే పోగొట్టుకుంటున్నాడు.

ఫోను లాక్కోవాలా, ఇవ్వాలా?

బడి సమయంలో వద్దు. ఫ్రాన్స్ 2018లోనే చిన్న తరగతుల నుంచి పదిహేనేళ్ల దాకా బడిలో ఫోను వాడకాన్ని చట్టంతో ఆపింది. చదువుకి మేలు చేస్తుందని తేలిన చోటే టెక్నాలజీ వాడాలని యునెస్కో 2023 నివేదిక చెప్పింది. ఇంట్లో మాత్రం లాక్కోవడం కంటే చోటు నిర్ణయించడం పనిచేస్తుంది. చదివేటప్పుడు ఫోను వేరే గదిలో, రాత్రి అందరి ఫోన్లూ హాల్లో ఒకే చోట. అందరివీ అంటే మీది కూడా. మా ఇంట్లో ఆ నియమం నేను తప్పిన వారమే పిల్లలూ తప్పారు.

హోంవర్క్ అంతా ఏఐతో చేయించేస్తున్నారు. ఎలా పట్టుకోవాలి?

చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది. ఆ విద్యా సంవత్సరం చివరికి నేను దిద్దే వ్యాసాల్లో కామాలు కూడా ఒకేలా కనిపించడం మొదలైంది. నాకూ మొదట వచ్చిన ఆలోచన పట్టుకోవడమే. ఒక అబ్బాయి రాసింది బాగుందని, వాడిది కాదని క్లాసులో అందరి ముందూ అన్నాను. వాడు మర్నాడు మూడు చిత్తుప్రతులు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. కొట్టివేతలు, బాణం గుర్తులు, వాళ్ల అక్క చేతిరాతతో ఒక సవరణ. అందరి ముందే క్షమాపణ చెప్పాను. వాడు ఆ ఏడాది మళ్లీ అంత మనసుపెట్టి ఏదీ రాయలేదు. ఆ నష్టం నాదే.

పట్టుకునే సాఫ్ట్‌వేర్‌ని నమ్ముకోవద్దు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ తానే 2023 జనవరిలో అలాంటి పరికరాన్ని తెచ్చి, సరిగా గుర్తించలేకపోతోందని జూలైలో తీసేసింది. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా యంత్రం రాసినవేనని ఇలాంటి పరికరాలు ముద్ర వేశాయని అదే ఏడాది ఒక పరిశోధన చూపించింది. అన్యాయం ఎవరికి జరుగుతుందో చూడండి.

ఇప్పుడు నేను చేసేది ఇది. వ్యాసం మొదటి పేరా క్లాసులోనే రాయిస్తాను. చిత్తుప్రతికీ మార్కులుంటాయి. ఆఖరి కాపీ ఇచ్చాక రెండు నిమిషాలు పక్కన కూర్చోబెట్టి "ఈ మాట ఎందుకు వాడావు?" అని అడుగుతాను. ఏఐని అడగొద్దని అనను. ముందు నువ్వు ప్రయత్నించు, తర్వాత దాన్ని అడుగు, అది చెప్పినదాంట్లో తప్పు ఒకటైనా వెతికి తీసుకురా అంటాను. తప్పులు చాలా దొరుకుతాయి, అవి దొరికినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: పని పూర్తయిందా అని అడిగితే పూర్తయిన పనే వస్తుంది. ఏం కష్టమనిపించింది అని అడగండి.

బడి నుంచి రాగానే "ఎలా జరిగింది?" అంటే "ఏం లేదు" అంటుంది. ఎలా మాట్లాడించాలి?

రాగానే అడగకండి. ఏడెనిమిది గంటలు ప్రశ్నలకి జవాబులు చెప్పి వచ్చింది. ఎదురెదురుగా కూర్చుంటే ఇది విచారణ అనిపిస్తుంది. పక్కపక్కన నడుస్తున్నప్పుడో, ఇద్దరూ ఏదో పని చేస్తున్నప్పుడో మాట దానంతట అదే వస్తుంది. ముందు మీ రోజు సంగతి చెప్పండి, మీరు ఇబ్బంది పడ్డ సంగతైతే మరీ మంచిది.

## పరీక్షల కాలం

ఎంత చదివినా గుర్తుండట్లేదు. నాలుగుసార్లు చదివాను, పేపర్ చూస్తే ఏమీ రాలేదు. నా జ్ఞాపకశక్తి అంతేనా?

నీ జ్ఞాపకశక్తి బాగానే ఉంది, చదివే పద్ధతి నిన్ను మోసం చేస్తోంది. రెండోసారి చదువుతుంటే పేజీ తెలిసినట్టు అనిపిస్తుంది. ఆ పరిచయాన్నే "వచ్చేసింది" అనుకుంటాం. పుస్తకం మూశాక ఎంత చెప్పగలవో అదే నిజంగా వచ్చింది.

2006లో కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగం నేను ప్రతి క్లాసులో చెబుతాను. కొందరు ఒక పేరాని నాలుగుసార్లు చదివారు. ఇంకొందరు ఒక్కసారి చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే చదివినవాళ్లకి 40 శాతం గుర్తుంది, గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లకి 61 శాతం. పరీక్ష ముందురోజు రాత్రి బట్టీ పట్టడం ఎందుకు పనిచేసినట్టు అనిపిస్తుందో, నెల తర్వాత ఎందుకు ఖాళీ అవుతుందో ఇందులోనే ఉంది.

కాబట్టి ఒక పేజీ చదువు. పుస్తకం మూసెయ్. ఖాళీ కాగితం మీద గుర్తున్నదంతా రాయి, బొమ్మ వెయ్. తెరిచి చూసి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చు. రేపు ఒకసారి, మూడు రోజులకి ఒకసారి, వారానికి ఒకసారి అదే చెయ్. ఏ రోజైనా సగం కూడా రాకపోతే కంగారు పడకు. మర్చిపోయినదాన్ని కష్టపడి వెనక్కి లాగినప్పుడే అది గట్టిపడుతుంది. నేర్చుకున్నది మొదటి గంటల్లోనే వేగంగా జారిపోతుందని, తిరిగి చూస్తే నిలుస్తుందని ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసి చూపించాడు.

పరీక్ష హాల్లో కూర్చోగానే తల ఖాళీ అయిపోతోంది. ఏం చేయాలి?

హాల్లోకి వెళ్లేముందు పది నిమిషాలు ఒక కాగితం మీద నీ భయాలన్నీ ఉన్నదున్నట్టు రాసెయ్. 2011లో వచ్చిన పరిశోధనలో, అలా రాసిన ఆందోళనపరులు రాయనివాళ్ల కంటే మెరుగ్గా పరీక్ష రాశారు. లోపల వచ్చిన ప్రశ్నతో మొదలుపెట్టు, వరస నంబరుతో పనిలేదు. ఊపిరి తీసుకున్నదానికంటే నెమ్మదిగా వదులు. ఇంట్లో కనీసం మూడుసార్లు గడియారం పెట్టుకుని, లేవకుండా పూర్తి పేపరు రాసి ఉండాలి. ఆ కుర్చీకి ఒంటిని ముందే అలవాటు చేయాలి.

మార్కులు బాగా తగ్గాయి. ఇంట్లో ఏం అనాలి? కోపం ఆగట్లేదు.

మొదటి రోజు ఏమీ విశ్లేషించకండి. "చూశాను. నీకూ బాధగానే ఉంది. రేపు మాట్లాడుకుందాం" అంటే చాలు. మర్నాడు జవాబు పత్రం ముందు పెట్టుకుని తప్పులని మూడు రకాలుగా విడదీయండి: తెలియక పోయినవి, తెలిసీ పొరపాటున పోయినవి, టైం చాలక పోయినవి. ఒక్కోదానికి చేయాల్సింది వేరు. ఇంకో పిల్లాడి పేరు ఆ సంభాషణలోకి రానివ్వకండి.

ఇంకో సంగతి ఇక్కడ చెప్పి తీరాలి. ఫలితాల రోజుల్లో పిల్లలు మాట్లాడటం మానేసినా, తినకపోయినా, ఇష్టమైన వస్తువులు ఇచ్చేస్తున్నా, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాట అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన మనమే పెట్టినట్టవుతుందని చాలామంది భయపడతారు, అలా జరగదు. అడగడం వల్ల లోపల ఉన్నది బయటికి వస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, ప్రమాదకరమైనవి అందకుండా తీసేయండి, అదే రోజు డాక్టరునో సహాయవాణినో పట్టుకోండి. మార్కుల మాట ఆ తర్వాత ఎప్పుడైనా చూసుకోవచ్చు.

## టీచర్లు అడిగేవి

క్లాసులో నలభై మంది. ప్రశ్న వేస్తే ఎప్పుడూ అదే ఐదుగురు చేతులెత్తుతారు. మిగతావాళ్ల సంగతేంటి?

ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగుతున్నారో ఒకరోజు లెక్కపెట్టుకోండి. టీచర్లు సగటున ఒక సెకను మించి ఆగరని మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలోనే గమనించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగయ్యాయి, కొత్త పిల్లలు నోరు విప్పారు, "తెలియదు" అనడం తగ్గింది. ఆ మూడు సెకన్ల నిశ్శబ్దం మొదట్లో నాకు చాలా ఇబ్బందిగా ఉండేది. అరచేతిలో వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టుకునేదాన్ని.

చేతులెత్తించడం కూడా తగ్గించండి. అందరూ చిన్న కాగితం మీద జవాబు రాసి ఒకేసారి పైకి చూపిస్తే, పది సెకన్లలో ఎవరికి రాలేదో మీకు తెలుస్తుంది, పక్కవాళ్లకి తెలియదు.

రోజూ అలసిపోయి ఇంటికి వస్తున్నాను. పిల్లలంటే విసుగొస్తోంది. నేను చెడ్డ టీచర్నా?

కాదు. మీరు చెప్పినవే బర్నౌట్ లక్షణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దానికి మూడు గుర్తులు చెప్పింది: శక్తి అంతా పీల్చేసినట్టుండటం, పని మీద విముఖత, చేతకావట్లేదన్న భావన. ఎడతెగని పని ఒత్తిడి నుంచి వచ్చేదిగా దాన్ని నిర్వచించింది. మీ గుణం మీద వేసిన తీర్పు కాదది. 2030 నాటికి ప్రపంచానికి ఇంకా 4 కోట్ల 40 లక్షల మంది టీచర్లు కావాలని యునెస్కో అంచనా వేసింది. లేనివాళ్ల పని ఉన్నవాళ్ల మీదే పడుతోంది.

మీ చేతిలో ఉన్నదాంతో మొదలుపెట్టండి. ప్రతి నోట్‌బుక్‌లో ప్రతి తప్పూ దిద్దడం ఆపి, ఒక్కో వారం ఒక్కో అంశమే దిద్దండి. పిల్లలు కూడా అన్ని ఎర్రగీతలు చదవరు. తల్లిదండ్రుల గ్రూపులో సాయంత్రం ఏడు తర్వాత జవాబివ్వనని ఏడాది మొదట్లోనే మర్యాదగా చెప్పండి. మీ పక్క సెక్షన్ టీచరుతో ప్రశ్నపత్రాలు పంచుకోండి. నెలల తరబడి నిద్ర పట్టకపోయినా, క్లాసుకి వెళ్లాలంటే గుండె దడ వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఉద్యోగం మానాలా అన్నది బాగా నిద్రపోయిన వారం తర్వాత నిర్ణయించుకోండి.

తల్లిదండ్రులు ఫోన్ చేసిన ప్రతిసారీ గొడవే. ఎలా మాట్లాడాలి?

ఏడాది మొదటి నెలలో, ఏ సమస్యా లేనప్పుడే, మీరే ఒకసారి ఫోన్ చేసి వాళ్ల బిడ్డ చేసిన మంచి పని ఒకటి చెప్పండి. రోజుకి ఇద్దరికి చేస్తే నెలలో అయిపోతుంది. బడి నుంచి ఫోనంటే ఫిర్యాదే అని వాళ్లకీ అలవాటైపోయింది, అందుకే ఎత్తగానే కత్తి దూస్తారు.

## ఇంట్లోవాళ్లు అడిగేవి

మేమిద్దరం పెద్దగా చదువుకోలేదు. మా అమ్మాయి పుస్తకాలు మాకు అర్థం కావు. ఎలా సాయం చేయాలి?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తల దించుకుని అడుగుతారు. దించుకోవద్దు. మీకు పాఠం తెలియకపోవడమే ఇక్కడ పనికొస్తుంది. "ఇవాళ నేర్చుకున్నది నాకు చెప్పు" అని కూర్చోండి. తెలియనివాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే తనకి పూర్తిగా అర్థమై ఉండాలి. "ఎందుకు?" అని మీరు అమాయకంగా అడిగిన చోట తను ఆగిందంటే, రేపు టీచర్ని అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే. దాన్ని కాగితం మీద రాయించి పంపండి. చదువుకునే వేళకి ఇంట్లో టీవీ ఆపడం, వేళకి నిద్రపుచ్చడం, మీటింగ్‌కి తప్పకుండా రావడం ఏ డిగ్రీ అడగవు.

అందరూ ట్యూషన్ పెడుతున్నారు. మేమూ పెట్టాలా?

ముందు ఏ పాఠంలో, ఏ మెట్టు దగ్గర సాయం కావాలో ఒక వాక్యంలో చెప్పగలరేమో చూడండి. చెప్పగలిగితే ఆ ఒక్కదానికి, రెండుమూడు నెలలకి పెట్టండి. చెప్పలేకపోతే పోయేది డబ్బూ, మీ పిల్లల సాయంత్రమూ. బడిలో విన్నదాన్నే ఇంకో గంట వింటే సొంతంగా గుర్తుతెచ్చుకుని చేసే సమయం ఉండదు, అసలు నేర్చుకునేది ఆ సమయంలోనే.

పై తరగతికి వచ్చాడు కదా, ఆటలు మానిపించాలా?

మానిపించొద్దు. 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకి రోజుకి సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం విశ్రాంతినీ ఆటనీ హక్కుగానే రాసింది.

## బడి దాటే వేళ

ఏ కోర్సు తీసుకుంటే పదేళ్ల తర్వాత కూడా ఉద్యోగం ఉంటుంది? ఏఐ అన్నీ తినేస్తుందంటున్నారు.

పదేళ్ల తర్వాతి ఉద్యోగాల పేర్లు ఇప్పుడెవరూ ఖచ్చితంగా చెప్పలేరు. చెబుతామని డబ్బు అడిగేవాళ్లని నమ్మకండి. పిల్లలు ఏ పని చేస్తుంటే టైం మర్చిపోతున్నారో, ఏ కష్టాన్ని విసుగు లేకుండా భరిస్తున్నారో గమనించండి. ఆ రంగంలో పనిచేసేవాళ్ల దగ్గర ఒకటి రెండు రోజులు కూర్చోనివ్వండి. బయటికి మెరిసే ఉద్యోగంలో రోజంతా నిజంగా చేసే పని చూశాక మా పెద్దమ్మాయి మనసు మార్చుకుంది. ఆ రెండు రోజులు మాకు రెండేళ్లు మిగిల్చాయి.

ఇంటి పరిస్థితి వల్ల చదువు మధ్యలో ఆపేశాను. మూడేళ్లైంది. ఇప్పుడు మళ్లీ చదవగలనా?

చదవగలవు. మొదటి నెల చాలా భారంగా ఉంటుంది, చదివిన పేజీ నిలవదు, చిన్నవాళ్ల పక్కన కూర్చోవడం సిగ్గనిపిస్తుంది. ఆ నెలలో నీ తెలివి గురించి ఏ నిర్ణయానికీ రాకు. పూర్తి కోర్సులో చేరేముందు, ఆపేసిన చోటికి ఒక ఏడు వెనక్కి వెళ్లి, నీకు ఎక్కువ ఇష్టమైన ఒక్క సబ్జెక్టు పుస్తకం తీసుకో. రోజూ ఒకే వేళకి నలభై నిమిషాలు. దూరవిద్యలో చేరాలంటే ముందు పాత సర్టిఫికెట్లు, బదిలీ పత్రం తీసిపెట్టుకో, అవి దొరకడానికే చాలాసార్లు నెలలు పడుతుంది. నువ్వు చదివిన బడికి వెళ్లి, నీకు గుర్తున్న టీచర్ని అడుగు. మాలో ఎక్కువమందిమి మానేసిన పిల్లల పేర్లు మర్చిపోము.